ల్యాప్‌టాప్ మెదడును మార్చవచ్చునా?

పాఠ్యభాగ పరిచయం

ఒక విషయాన్ని క్రమపద్ధతిలో, కారణాలతోను ఉదాహరణలతోను వివరించే గద్యరచనను వ్యాసం అంటారు. ప్రస్తుత పాఠ్యభాగం శాస్త్ర సాంకేతిక వ్యాసాల కోవకు చెందినది. ల్యాప్‌టాప్ కంప్యూటర్‌లోని ప్రాసెసర్‌ను దాని యజమాని స్వయంగా మార్చుకోగలడా అనే ప్రశ్నను తీసుకొని, ఆ ప్రశ్న వెనుక ఉన్న సాంకేతిక కారణాలను, వినియోగదారుని హక్కులను ఈ వ్యాసం చర్చిస్తుంది. ఒక వస్తువును కొనడానికి ముందే దాని భవిష్యత్తును గురించి ఆలోచించే అలవాటును విద్యార్థులలో పెంపొందించడం దీని ఉద్దేశం.

పాఠ్యభాగం

కంప్యూటర్‌కు ప్రాసెసర్ మెదడు వంటిది. మనం మీట నొక్కినా, బొమ్మను తెరిచినా, లెక్క వేయమని ఆదేశించినా ఆ ఆజ్ఞలన్నీ చివరకు చేరేది ప్రాసెసర్‌కే. 1971లో ఇంటెల్ సంస్థ అమ్మకానికి విడుదల చేసిన 4004 అనే మైక్రోప్రాసెసర్‌లో సుమారు 2,300 ట్రాన్సిస్టర్లు ఉండేవి. నేటి ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో వాటి సంఖ్య వందల కోట్లను దాటింది. గోరంత సిలికాన్ పలకపై ఇంతటి శక్తి ఇమడడం మానవ మేధస్సు సాధించిన అద్భుతాలలో ఒకటి.

అయితే ఎంత గొప్ప యంత్రమైనా నాలుగైదు సంవత్సరాలు గడిచేసరికి మందగించినట్లు తోస్తుంది. కొత్త సాఫ్ట్‌వేర్ అడిగే పనిని పాత యంత్రం చేయలేక ఆయాసపడుతుంది. అప్పుడు యజమాని మనస్సులో ఒక ప్రశ్న ఉదయిస్తుంది: “యంత్రమంతా మార్చనక్కరలేకుండా ప్రాసెసర్‌ను మాత్రమే మార్చుకోవచ్చునా?” వేలాది రూపాయలు వెచ్చించి, కొన్ని కుటుంబాలలోనైతే అప్పు చేసి మరీ కొన్న వస్తువు విషయంలో ఈ ప్రశ్న తలెత్తడం న్యాయమే. బల్లమీద ఉంచుకొనే డెస్క్‌టాప్ కంప్యూటర్ విషయంలో దీనికి సమాధానం సాధారణంగా “అవును” అనే వస్తుంది. ల్యాప్‌టాప్ విషయంలో మాత్రం, నేడు అంగడిలో లభించే యంత్రాలలో దాదాపు అన్నింటికీ, “కాదు” అన్నదే సమాధానం. ఈ భేదానికి కారణాన్ని తెలుసుకోవాలంటే ప్రాసెసర్‌ను యంత్రంలో అమర్చే విధానాన్ని పరిశీలించాలి.

ప్రాసెసర్‌ను మదర్‌బోర్డుపై అమర్చడానికి ప్రధానంగా రెండు మార్గాలు ఉన్నాయి. మొదటిది సాకెట్ పద్ధతి. హోల్డరులో బల్బును అమర్చినట్లుగా ఈ పద్ధతిలో ప్రాసెసర్‌ను ఒక పీటపై కూర్చోబెట్టి బిగిస్తారు. కొన్ని రకాలలో ప్రాసెసర్ అడుగున వందలాది సన్నని పిన్నులు ఉండి సాకెట్ రంధ్రాలలోకి దిగుతాయి. మరికొన్నింటిలో పిన్నులు సాకెట్‌లోనే ఉంటాయి. బిగింపును వదులు చేస్తే ప్రాసెసర్ చేతికి వస్తుంది. రెండవది టంకం పద్ధతి. ఇందులో ప్రాసెసర్ అడుగున ఆవగింజ కన్న చిన్నవైన లోహపు గుండ్లు వరుసలుగా ఉంటాయి. కర్మాగారంలో వాటిని కరిగించి మదర్‌బోర్డుకు శాశ్వతంగా అతికిస్తారు. ఉంగరంలో పొదిగిన రాయి వలె ప్రాసెసర్ బోర్డులో భాగమైపోతుంది. దానిని వేరుచేయడం యజమాని చేతిలో పని కాదు.

ఒకప్పుడు ల్యాప్‌టాప్‌లలో ఈ రెండు పద్ధతులూ పక్కపక్కనే ఉండేవి. 2011లో లెనోవో సంస్థ విడుదల చేసిన రెండు థింక్‌ప్యాడ్ నమూనాలు ఇందుకు చక్కని ఉదాహరణ. టి420 అనే నమూనాలో ప్రాసెసర్ సాకెట్‌లో ఉండేది. అదే సంవత్సరం వచ్చిన, పరిమాణంలో చిన్నదైన ఎక్స్220 అనే నమూనాలో దానిని టంకంతో అతికించారు. రెండింటిలోనూ లభించిన ప్రాసెసర్లలో ఐ5-2520ఎం ఒకటి. సంస్థ ఒకటే, సంవత్సరం ఒకటే, ప్రాసెసర్ పేరు కూడా ఒకటే. అయినా ఒక యజమానికి దానిని మార్చుకొనే వీలు కలిగింది, మరొక యజమానికి కలగలేదు. కనుక ప్రాసెసర్ పేరును మాత్రమే చూసి దాని అమరికను నిర్ణయించడం నేల విడిచి సాము చేయడమే అవుతుంది. ఆయా నమూనాకు తయారీదారు ప్రచురించిన మరమ్మతు పుస్తకాన్ని చూస్తేనే నిజం తెలుస్తుంది.

కాలక్రమంలో టంకం పద్ధతిదే పైచేయి అయింది. 2013లో వచ్చిన నాలుగవ తరం ప్రాసెసర్లే ఇంటెల్ సంస్థ ల్యాప్‌టాప్‌ల కోసం సాకెట్ రూపంలో అందించిన చివరి తరం. 2014 చివర మొదలైన ఐదవ తరం నుండి ఆ సంస్థ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లన్నీ టంకంతో అతికించే రూపంలోనే వెలువడ్డాయి. ఎ.ఎం.డి. సంస్థ కూడా ఇంచుమించు అదే కాలంలో అదే బాట పట్టింది. డెస్క్‌టాప్ ప్రాసెసర్‌ను సాకెట్‌తో సహా ఇముడ్చుకొన్న భారీ ల్యాప్‌టాప్‌లు అరుదుగా వచ్చాయి. 2019 నాటి ఏలియన్‌వేర్ ఏరియా-51ఎం అటువంటిది. అయితే అవి బరువులోను, ధరలోను సామాన్యునికి అందేవి కావు.

ఈ మార్పునకు తయారీదారులను మాత్రమే నిందించడం సరికాదు. సాకెట్ ఉంటే ఆ మేరకు ఎత్తు పెరుగుతుంది. పలుచని యంత్రంలో ఒక్కొక్క మిల్లీమీటరూ విలువైనదే. 2008లో ఆపిల్ సంస్థ మాక్‌బుక్ ఎయిర్‌ను కాగితపు కవరులో నుండి బయటకు తీసి ప్రపంచానికి చూపినప్పుడు ప్రజలు దాని పలుచదనానికి ముగ్ధులయ్యారు. 2011లో ఇంటెల్ సంస్థ “అల్ట్రాబుక్” అనే పేరుతో పలుచని యంత్రాలను ప్రోత్సహించింది. మోయడానికి తేలికగా, చూడడానికి నాజూకుగా ఉండే యంత్రాన్ని కోరుకున్నది కొనుగోలుదారులే. పైగా సాకెట్ లేకపోతే తయారీ ఖర్చు తగ్గుతుంది. అటూ ఇటూ మోసుకుపోయే యంత్రంలో వదులయ్యే భాగం ఒకటి తక్కువవుతుంది. ప్రాసెసర్‌తో పాటు అనుబంధ చిప్పులను కూడా ఒకే పొట్లంలో చేర్చడం సులభమవుతుంది. 2020లో వచ్చిన ఆపిల్ ఎం1 చిప్పులో జ్ఞాపకశక్తి భాగమైన ర్యామ్ కూడా ఆ పొట్లంలోనే చేరింది. ఇన్ని ప్రయోజనాలకు మనం చెల్లించిన మూల్యం ఒక్కటే: మార్చుకొనే స్వేచ్ఛ.

సాకెట్ ఉన్న పాత యంత్రంలోనైనా ప్రాసెసర్‌ను యథేచ్ఛగా మార్చడం సాధ్యం కాదు. అందుకు నాలుగు నిబంధనలు ఉన్నాయి. మొదటిది సాకెట్ పొందిక. రెండవ తరం సాకెట్‌లో నాలుగవ తరం ప్రాసెసర్ అమరదు. రెండవది బయాస్ అంగీకారం. యంత్రాన్ని మేల్కొలిపే మూల సాఫ్ట్‌వేర్‌ను బయాస్ అంటారు. కొత్త ప్రాసెసర్‌ను అది గుర్తించకపోతే తెర వెలగదు. మూడవది ఉష్ణ పరిమితి. ప్రాసెసర్ వెదజల్లే వేడిని వాట్లలో లెక్కిస్తారు. 35 వాట్ల వేడిని తట్టుకొనేటట్లు రూపొందించిన రాగి గొట్టానికి, చిన్న ఫ్యానుకు 45 వాట్ల ప్రాసెసర్ భారమవుతుంది. అప్పుడు ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగాన్ని తగ్గించుకొంటుంది. వేగం కోసం మార్చిన భాగం వేగాన్నే కోల్పోతుంది. నాలుగవది లాభనష్టాల బేరీజు. ఇప్పుడు ఇవి దొరికేవి వాడిన సరుకుగా మాత్రమే. పాత భాగం అమ్మితే వచ్చేది స్వల్పం. “కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి” అన్న సామెత ఇక్కడ అనుభవంలోకి వస్తుంది.

ఈ నిబంధనలన్నీ అనుకూలించిన సందర్భం ఒకటి చూద్దాం. 2013 నాటి థింక్‌ప్యాడ్ టి440పి సాకెట్ ఉన్న యంత్రం. దానిలో సాధారణంగా వచ్చిన ఐ5-4300ఎం ప్రాసెసర్‌కు రెండు కోర్‌లు ఉండేవి. అదే సాకెట్‌లో అమరే ఐ7-4702ఎంక్యూ ప్రాసెసర్‌కు నాలుగు కోర్‌లు ఉన్నాయి. రెండింటి ఉష్ణ పరిమితీ 37 వాట్లే. మార్చే విధానం కూడా కష్టమైనది కాదు. ముందుగా ఛార్జరును, బ్యాటరీని తొలగించాలి. చేతికి అంటిన స్థిర విద్యుత్తు చిప్పులకు హాని చేస్తుంది కనుక దానిని పోగొట్టుకోవాలి. కింది మూతను తీసి, ఫ్యానుతో కూడిన రాగి గొట్టాన్ని విప్పాలి. సాకెట్‌కు ఉన్న మరను స్క్రూడ్రైవర్‌తో తిప్పితే బిగింపు వదులవుతుంది. పాత ప్రాసెసర్‌ను నిటారుగా పైకెత్తి, మూలనున్న గుర్తు కలిసేటట్లు కొత్తదానిని ఒత్తిడి లేకుండా ఉంచి, మరను తిరిగి బిగించాలి. ఒక్క పిన్ను వంగినా శ్రమ వ్యర్థమవుతుంది. చివరగా పాత థర్మల్ పేస్టును తుడిచివేసి కొత్తది పలుచగా పూయాలి.

ఇంత చేసిన తరువాత కలిగే ఫలితం ఏమిటి? వీడియోలను ఒక రూపం నుండి మరొక రూపంలోకి మార్చడం వంటి, అన్ని కోర్‌లకూ పని కల్పించే కార్యాలలో వేగం గణనీయంగా పెరుగుతుంది. కాని ఒకే కోర్ మీద నడిచే పనులలో మార్పు కనిపించదు. మొదటి ప్రాసెసర్ గరిష్ఠ వేగం 3.3 గిగాహెర్ట్జ్ కాగా, రెండవదానిది 3.2 గిగాహెర్ట్జ్ మాత్రమే. అందువల్ల ఉత్తరం టైపు చేసుకొనే వ్యక్తికి ఈ మార్పు కొండను తవ్వి ఎలుకను పట్టినట్లే ఉంటుంది.

ఇక టంకంతో అతికించిన ప్రాసెసర్ సంగతి. సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి కంప్యూటర్ అంగళ్ళ సముదాయాలకు వెళ్ళినవారికి “చిప్ లెవల్ సర్వీస్” అనే మాట సుపరిచితం. వేడిగాలి యంత్రంతో టంకాన్ని కరిగించి, చెడిన చిప్పును తీసి వేరొకటి అతికించే నేర్పరులు అటువంటి చోట్ల పనిచేస్తుంటారు. పూర్వం వాడిన తగరం-సీసం టంకం 183 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగేది. సీసం విషపదార్థం కనుక ఐరోపా సమాజం 2006 జూలై 1 నుండి ఎలక్ట్రానిక్ వస్తువులలో దాని వాడకాన్ని నియంత్రించింది. దాని స్థానంలో వచ్చిన తగరం, వెండి, రాగి మిశ్రమం సుమారు 217 డిగ్రీల వద్ద గాని కరగదు. ఆ వేడిలో చిప్పు కింద ఉన్న వెయ్యికి పైబడిన గుండ్లన్నీ ఒకేసారి, ఒకే తీరున కరగాలి. వేడి ఎక్కువైతే బోర్డు వంకర తిరుగుతుంది, తక్కువైతే అతుకు నిలవదు. ఇది చెడిన బోర్డును బ్రతికించడానికి చేసే శస్త్రచికిత్సే తప్ప, బాగున్న యంత్రానికి వేగం పెంచడానికి చేయించవలసిన పని కాదు. బయాస్ అంగీకరించకపోతే ఆ శస్త్రచికిత్స కూడా నిష్ఫలమే. టంకం పద్ధతి యంత్రంలో మదర్‌బోర్డునంతటినీ మార్చడం ఒక్కటే మిగిలిన మార్గం. దాని వెల చాలా సందర్భాలలో యంత్రం విలువకు దగ్గరగా ఉంటుంది.

ఇంతకూ మందగించిన ప్రతి యంత్రానికీ రోగం ప్రాసెసర్‌లోనే ఉన్నదా? వైద్యుడు నాడి చూడకుండా మందు ఇవ్వడు. యంత్రం విషయంలోనూ అదే పద్ధతి మంచిది. పాత ల్యాప్‌టాప్‌లలో తరచు కనిపించే లోపం, తిరిగే పలకలు గల హార్డ్‌డిస్క్. దాని స్థానంలో ఎస్.ఎస్.డి.ని అమర్చితే యంత్రం తెరుచుకొనే కాలం నిమిషాల నుండి క్షణాలకు తగ్గవచ్చు. ర్యామ్ 4 జీబీ మాత్రమే ఉంటే 8 జీబీకి పెంచడం మరొక చికిత్స. ఏళ్ళ తరబడి ఫ్యానులో పేరుకొన్న దుమ్మును తొలగించి, ఎండిన థర్మల్ పేస్టును మార్చినా, వేడివల్ల తగ్గిన వేగం తిరిగి వస్తుంది. ఈ మూడు పనులూ ప్రాసెసర్‌ను మార్చడం కన్న సులభమైనవి. అయితే ర్యామ్‌ను కూడా టంకంతో అతికించే యంత్రాలు నేడు పెరుగుతున్నాయి. ప్రాసెసర్‌తో మొదలైన మార్పు క్రమంగా ఇతర భాగాలకూ వ్యాపించిందన్నమాట.

ఈ మార్పు ఫలితం ఒక్క వ్యక్తికి పరిమితమైనది కాదు. మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10కి ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఆమోదించే ఇంటెల్ ప్రాసెసర్లు ప్రధానంగా ఎనిమిదవ తరానికి, ఆ తరువాతి తరాలకు చెందినవి. అంతకు ముందరి యంత్రం ఎంత చక్కగా పనిచేస్తున్నా, ప్రాసెసర్ ఒక్కటి పాతది కావడం వల్ల ఆమోదం పొందలేదు. దానిని మార్చే వీలూ లేదు. టి440పి వంటి సాకెట్ ఉన్న యంత్రానికి కూడా నాలుగవ తరాన్ని దాటే దారి లేదు. లినక్స్ వంటి ఉచిత వ్యవస్థను ఆశ్రయిస్తే ఆ యంత్రాలు మరికొన్నాళ్ళు సేవ చేయగలవు. లేకుంటే అవి చేరేది చెత్తకుప్పకే.

ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచంలో 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థపదార్థాలు పోగుపడ్డాయి. వాటిలో సక్రమంగా సేకరించి, పునర్వినియోగానికి మళ్ళించినట్లు నమోదైనది 22.3 శాతమే. భారతదేశంలో 2022 నాటి ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిర్వహణ నియమాలు 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం, వాడి పారవేసిన వస్తువుల పునశ్చక్రీకరణ బాధ్యత తయారీదారులపై ఉంటుంది. కాని వ్యర్థాన్ని చక్కగా పారవేయడం కన్న, వస్తువును వ్యర్థం కానీయకపోవడం పర్యావరణానికి ఎక్కువ మేలు చేస్తుంది.

ఈ భావన నుండి పుట్టినదే “మరమ్మతు హక్కు” ఉద్యమం. ఫ్రాన్సు దేశం 2021 జనవరి 1 నుండి ల్యాప్‌టాప్‌లతో సహా కొన్ని వస్తువులపై “మరమ్మతు సూచిక”ను ముద్రించాలని నియమం చేసింది. వస్తువును బాగుచేయడం ఎంత సులభమో పదికి ఎన్ని మార్కులన్న రూపంలో కొనుగోలుదారునికి అంగడిలోనే తెలుస్తుంది. మన దేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో ఈ విషయమై ఒక సంఘాన్ని నియమించి, అదే సంవత్సరం డిసెంబరు 24న మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించింది. మరొకవైపు అమెరికాకు చెందిన ఫ్రేమ్‌వర్క్ సంస్థ 2021లో విడుదల చేసిన ల్యాప్‌టాప్ ఒక కొత్త దారి చూపింది. అందులోనూ ప్రాసెసర్ టంకంతోనే ఉంటుంది. కాని మదర్‌బోర్డును యజమానే విప్పి మార్చుకొనే విధంగా దానిని రూపొందించారు. 2022లోను, 2023లోను వచ్చిన కొత్త ప్రాసెసర్ల బోర్డులు అదే పెట్టెలో అమరాయి. పలుచదనానికి, మార్చుకొనే స్వేచ్ఛకు మధ్య వైరం తప్పనిసరి కాదని దీనివల్ల రుజువైంది.

పై విషయాలన్నింటినీ సమన్వయించి చూస్తే ఒక సత్యం బోధపడుతుంది. ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌ను మార్చవచ్చునా అనే ప్రశ్నకు సమాధానం యజమాని నేర్పులో లేదు. తయారీదారు గీసిన నమూనాలో ఉన్నది. యంత్రం ఇంటికి వచ్చిన తరువాత ఆ నిర్ణయాన్ని మార్చే శక్తి మనకు లేదు. ఆ శక్తి మనకు ఉండేది డబ్బు చెల్లించడానికి ముందు మాత్రమే. “అడుసు తొక్కనేల, కాలు కడుగనేల” అని పెద్దలు ఊరకే అనలేదు. ప్రాసెసర్‌ను తరువాత మార్చలేము కనుక, రాబోయే నాలుగైదు సంవత్సరాల అవసరానికి సరిపడేదానిని మొదటే ఎంచుకోవాలి. ర్యామ్ పెంచుకొనే చోటు ఉన్నదా, ఎస్.ఎస్.డి. మార్చవచ్చునా, బ్యాటరీ విడిగా దొరుకుతుందా, మరమ్మతు పుస్తకం అందరికీ అందుబాటులో ఉన్నదా అని అమ్మకందారుని అడగాలి. పదిమంది అడిగే ప్రశ్నకు అమ్మకందారు జవాబు వెదుకుతాడు. లక్షమంది అడిగే ప్రశ్నకు తయారీదారు తన నమూనానే మారుస్తాడు. అడగడం నేర్చిన వినియోగదారుడే తన వస్తువుకు నిజమైన యజమాని.

పదాలు – అర్థాలు

కోవ = వరుస, తరగతి
మేధస్సు = తెలివి, బుద్ధిశక్తి
టంకం = లోహాలను అతికించడానికి వాడే, సులభంగా కరిగే మిశ్రమలోహం
మూల్యం = వెల
యథేచ్ఛగా = ఇష్టం వచ్చినట్లు
బేరీజు = అంచనా
నిష్ఫలం = ఫలితం లేనిది
పునశ్చక్రీకరణ = వాడిన వస్తువులోని పదార్థాన్ని తిరిగి ఉపయోగంలోకి తేవడం
అడుసు = బురద
సమన్వయించు = పొందికగా కలిపి చూడు

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. సాకెట్ పద్ధతికి, టంకం పద్ధతికి గల భేదాలను వివరించి, టంకం పద్ధతి వ్యాప్తి చెందడానికి గల కారణాలను తెలపండి.
2. “ప్రాసెసర్‌ను మార్చలేకపోవడం ఒక్క వ్యక్తికి పరిమితమైన సమస్య కాదు.” పాఠ్యభాగం ఆధారంగా చర్చించండి.

II. కింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. ఇన్ని ప్రయోజనాలకు మనం చెల్లించిన మూల్యం ఒక్కటే: మార్చుకొనే స్వేచ్ఛ.
2. వేగం కోసం మార్చిన భాగం వేగాన్నే కోల్పోతుంది.
3. వైద్యుడు నాడి చూడకుండా మందు ఇవ్వడు.

III. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. ఇంటెల్ 4004 మైక్రోప్రాసెసర్ ఏ సంవత్సరంలో విడుదలైంది?
2. బయాస్ అంటే ఏమిటి?
3. సీసం లేని టంకం సుమారు ఎన్ని డిగ్రీల వద్ద కరుగుతుంది?
4. మరమ్మతు సూచికను నియమంగా చేసిన దేశం ఏది?

IV. కింది పదాలను విడదీసి సంధి నామాలు రాయండి.
యథేచ్ఛ, అత్యంత, పర్యావరణం

V. కింది సమాసాలకు విగ్రహవాక్యాలు రాసి, సమాస నామాలు తెలపండి.
లాభనష్టాలు, రెండు మార్గాలు, వ్యర్థపదార్థాలు

VI. మీ ఇంట్లో లేదా కళాశాలలో ఉన్న ఒక పాత యంత్రాన్ని పరిశీలించి, దానిలో మార్చగల భాగాలేవో, మార్చలేని భాగాలేవో తెలుపుతూ ఒక పుట వ్యాసం రాయండి.